మూత కింద చప్పుడు

వేడి పెనం మీద నీళ్ళు పడి చుయ్‌మన్నాయి. చదువుతున్న పుస్తకం మూసేశాను. మ్యూనిక్‌లోని ఈ ఇజకయాకు, అంటే బీరుతోపాటు చిరుతిళ్ళు పెట్టే జపనీయుల చిన్న హోటలుకు, ఇప్పుడు నేను తినడానికి వస్తాను. గోడల మీద అవే పాత సినిమా పోస్టర్లు, వెలిసిన ఎర్ర కాగితపు లాంతర్లు, మూలన డబ్బా టీవీ. పొయ్యి దగ్గర మాత్రం మార్తక్క లేదు.

కరోనా రోజుల్లో, మాస్టర్స్ చదువుతూ ఇక్కడి వంటింట్లో పనికి చేరాను. లోపల ఎవరినీ కూర్చోబెట్టకూడదు; కిటికీలోంచి పొట్లాలు అందించేవాళ్ళం. భీమవరం దగ్గరి పల్లె నుంచి వచ్చిన మార్తక్క గ్యోజాలు చేసేది. మాంసం, క్యాబేజీ కూరి కజ్జికాయల్లా మడిచి పెనం మీద కాల్చేవే గ్యోజాలు. నేను ముందే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకుని లైబ్రరీకి వెళ్ళి, జపాన్ వంటల పుస్తకాలు మూడు చదివేశాను. మొదటిరోజే వాటి చరిత్రంతా ఆమెకు వినిపించాను.

"అబ్బో! మరి మడతెయ్యడం కూడా చదివేవా?" అంది.

నేను మడిచినవాటిలో సగం విచ్చుకున్నాయి. అయినా మర్నాడు వస్తూనే, "ఇవాళేం చదివేవు, చెప్పు" అని అడిగింది. నా చదువును అంత శ్రద్ధగా విన్నవాళ్ళు అంతకుముందు లేరు.

చలికాలంలో ఆమెకు కరోనా వచ్చి తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. "కొత్తిమీరా కిరసనాయిలూ నాకొకటేనే" అంది.

"ఓనరుకు చెప్పకక్కా!"

"తినేవాళ్ళ దగ్గర దాపరికమేంటే?" అని తనే వెళ్ళి చెప్పింది. ముసలి యజమాని ఒక షరతు పెట్టాడు. హోటలు మళ్ళీ తెరిచేరోజు మొదటి పెనం ఆమెదే. అది మాడితే పొయ్యి వదిలేసి కూరగాయలు తరగాలన్నాడు. ఏళ్ళ తరబడి ఆ పొయ్యి ఆమెది.

ఆ రోజు టీకా కాగితాలు చూపిస్తూ జనం లోపలికొచ్చారు. యజమాని మా వెనకే నిలబడ్డాడు. మార్తక్క గ్యోజాలు పేర్చి, నీళ్ళు పోసి మూత పెట్టింది. నేను ఫోనులో సమయం చూస్తున్నాను. పుస్తకం చెప్పిన అయిదు నిమిషాలూ అయిపోయాయి.

"అక్కా, మాడిపోతయ్!" అంటూ మూత మీద చెయ్యి వేశాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "ఆగవే. నీ పుస్తకంలో ఈ పెనం ఉందా? విను."

కళ్ళు మూసుకుంది. మూత కింద నీళ్ళు గుడగుడమంటున్నాయి. కాసేపటికి ఆ చప్పుడు సన్నగిల్లి, నూనె చిటపటలు మొదలయ్యాయి.

"ఇప్పుడు!"

పళ్ళెంలోకి బోర్లిస్తే అడుగంతా ఒకే బంగారు రంగు. యజమాని ఒకటి తిన్నాడు. కత్తి అందుకుని, క్యాబేజీ తనే తరగడం మొదలుపెట్టాడు.

మార్తక్క ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూతురి దగ్గర ఉంటోంది. నేనింకా లైబ్రరీ పుస్తకాల నుంచి వంటలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటూనే ఉన్నాను. గ్యోజాల పేజీలో మాత్రం 'అయిదు నిమిషాలు' కొట్టేసి 'చప్పుడు మారేదాకా' అని రాసుకున్నాను. పుస్తకం తప్పని కాదు. దాన్ని రాసినవాళ్ళు కూడా ముందు ఏదో ఒక పొయ్యి దగ్గర నిలబడి వినే ఉంటారు.

కొత్త వంటాయన గోడ గడియారం వైపు చూస్తున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఇంకా నీళ్ళున్నాయి.