మైకు మూతికి, మా ఆయన చెవికి జానెడు జాగ

దగ్గరికి జరుగుండ్రి. ఇంకింత జరుగుండ్రి. నేను గట్టిగ మాట్లాడితే ఏమనుకోకుండ్రి. ఏండ్లసంది గట్టిగ చెప్పీ చెప్పీ, ఇప్పుడు మెల్లగ చెప్దామన్నా నా గొంతుకు రాదు. మీరు పక్కన కూసుంటే జర తక్కువల చెప్పొచ్చు.

మా ఆయనది బకీట్ల యాపారం. నారాయణఖేడ్ల మాల్ ఎత్తుకొని, మోటార్‌సైకిల్‌కు రెండు పక్కల ఇనుప చట్రం కొట్టిచ్చి, బకీట్లు, టబ్బులు, చాటలు, చెంబులు కట్టుకొని కంగ్టి దిక్కు, సిర్గాపూర్ దిక్కు ఊర్లు తిరిగెటోడు. దూరంకెళ్లి చూస్తే బండి కనపడకపోవు, మనిషి కనపడకపోవు. రంగురంగుల గుట్ట ఒకటి నడిచొస్తున్నట్టుండేది. వెనక సామాన్ల మీద కడ్డీ నిలబెట్టి మైకు కట్టిండు. అండ్ల ఆయన గొంతే: "బకీట్లొచ్చినయమ్మా, పగిలిన ప్లాస్టిక్ తెచ్చి కొత్తది తీస్కపోండ్రి." ఒక్కసారి రికార్డు చేసిండు, గదే ఏండ్లకేండ్లు మొత్తుకుంటుండె.

ఆ మైకు మూతి ముందటికి పెట్టిండు. ఊరు ముందటుంటది గదా. బండి పోకముందే పిలుపు పోవాలె, ఆడోళ్లు పగిలిన సామాను ఎతుక్కొని వాకిట్ల నిలబడాలె. మా దిక్కు బండ్ల మీద అమ్మెటోళ్లు శానమంది గట్లనే కడతరు. మైకు మూతికి, ఆయన ఎడమ చెవికి నడుమ జానెడు జాగ. ఆ సంగతి ఎవ్వరికీ తట్టలే.

మొదట్ల మైకు ఖరాబైందన్నడు. బ్యాటరీ మార్పిచ్చిండు. మల్ల, దీనికి గొంతు పడిపోయిందని పెద్ద మైకు తెచ్చి కట్టిండు. అదీ సాలలేదని మర తిప్పి పూరా పెంచిండు. కంగ్టి కాడ ఒక ముసలమ్మ కట్టె పట్టుకొని బండికి అడ్డమొచ్చి అన్నదట: "ఏందిర కొడుకా, బకీట్లు అమ్మనీకి వచ్చినవా, మమ్మల్ని ఊర్లకెళ్లి ఎల్లగొట్టనీకి వచ్చినవా? నీ మోతకు మా బర్రె పాలు చేపుతలేదు."

ఆమె మాట ఆయనకు ఇనపడనే లేదు. పక్కనున్నోళ్లు నవ్వుకుంట మల్ల చెప్తే తెలిసింది. ఇంటికొచ్చి ఆయన గూడ నవ్వుకుంటనే చెప్పిండు. చెప్పుకుంట చెప్పుకుంట నవ్వు ఆగిపోయింది. మైకు మంచిగనే ఉన్నదని అప్పుడు ఎరుకైంది మాకు.

సంగారెడ్డి దిక్కు ఒక దవాఖానల డాక్టరమ్మ చూసింది. ఎడమ చెవి దాదాపు పోయింది, కుడి చెవిల సగమున్నది, ఆ సగం కాపాడుకుంటేనే మీకు మాట మిగులుతదన్నది. రెండు చెవులకు మిషిన్లు పెట్టిచ్చినం. ఇంటికొచ్చిన దినం పోపు చిటపటమంటే లేచొచ్చి పొయ్యి దిక్కు చూసిండు. అది గంత మోత చేస్తదని మరిచిపోయిండట.

ఇంట్ల బాగనే ఉండె. బండి కాడనే పరేషాన్. హెల్మెట్ పెడితే మిషిన్ లోపట ఈలేస్తది. హెల్మెట్ గుంజితే మిషిన్ ఊడి అండ్లనే పడతది. బండి ఉరికితే గాలి హోరు తప్ప ఇంకోటి ఇనపడదు. డాక్టరమ్మ చెప్పింది: బండి మీద మిషిన్లు తీసి డబ్బల పెట్టు, చెవులల్ల రబ్బరు బిరడలు పెట్టుకో, ఆగినంక బిరడలు తీసి మిషిన్లు పెట్టుకో, మైకు చెవి కాడ వద్దు. దూది పెట్టుకుంటనని ఆయనంటే, దూది గాలినాపుతది గని మోతనాపదన్నది.

మైకు మూతి వెనకకు తిప్పిండు. ఇగ చూడుండ్రి, బండి ఇల్లు దాటినంకనే పిలుపు ఇనపడుతుండె. ఆడోళ్లు ఉరికొచ్చి వెనకకెళ్లి కేకేసేది. బిరడలు పెట్టుకున్న మనిషి, సక్కగ పోయెటోడు. బకీట్లాయనకు మస్తు పొగరొచ్చింది, పిలిస్తే ఆగడని పేరు పడ్డది.

అందుకని నేనెక్కిన. సీటు మీద కట్టిన సామాన్లు తగ్గిచ్చి ఆయన వెనక కూసున్న, మిషిన్ల డబ్బ నా ఒడిల. ఎవరన్న పిలిస్తే ఎడమ భుజం తట్టాలె. వెనక లారీ వస్తుంటే కుడి భుజం. ఊర్లల్ల ఆడోళ్లు నన్ను ఆట పట్టిచ్చిరి, ఈ వయసుల మొగుణ్ణి ఇడిచి ఉండలేకపోతున్నవా అని. అననియ్యి అనుకున్న. ఆదివారం బోరంచల పోచమ్మ గుడి కాడ బండి పెట్టినప్పుడు డప్పుల మోతకు మిషిన్లు తీసి నా చేతిల పెట్టేటోడు. గిరాకోళ్ల మాట నేనినేది, సైగ చేసేది, ఆయన బకీటు తీసిచ్చేటోడు. ఆ కొన్నొద్దులు బాగనే ఎల్లినయి.

వానలు తగ్గంగనే నాకు జరం పట్టింది. జరం పోయింది గని కీళ్లు పట్టేసినయి, పిడికిలి ముయ్యరాకపాయె. భుజం తట్టాలంటే చెయ్యి లేవాలె గదా. మైకు బంద్ పెట్టి మెల్లగ పోయి రమ్మన్న.

"మైకు లేకుంటే నేను బకీట్లాయనను కాదే, ఉత్త బండాయనను" అన్నడు.

ఒక్కడే పోయిండు. లారీ మోత అంతో ఇంతో ఇనపడాలంటే మిషిన్లు కావాలె, గిరాకి రావాలంటే మైకు మూతి ముందటికుండాలె. రెండూ చేసిండు. హెల్మెట్ కింద మిషిన్లు పెట్టి, మైకు ముందటికి తిప్పి, నేను మంచంల ఉన్నన్నొద్దులు గట్లనే తిరిగిండు. నాకు చెప్పలే. ఇంటికొచ్చి తల పట్టుకొని కూసునేటోడు. చెవులల్ల తేనెటీగలు జొచ్చినట్టున్నది, పొద్దుగాలకు తగ్గుతది అనేటోడు. తగ్గేది గూడ. ఒక పొద్దుగాల తగ్గలే. చాయ్ తాగమని పిలిచిన. మిషిన్లు పెట్టుకొనే ఉన్నడు, గోడ దిక్కు చూసుకుంట కూసున్నడు. దగ్గరికి పోయి పిలిచిన. చెయ్యి పట్టుకుంటే ఉలిక్కిపడ్డడు.

డాక్టరమ్మ మల్ల చూసింది. ఈసారి ఆయనకు కాదు, నాకు చెప్పింది. ఆ సగం గూడ పోయింది, ఇగ మిషిన్ పెడితే చప్పుడొస్తది గని మాట రాదన్నది. ఆయన నా మొఖం చూసి, మిషిన్లు తీసి నా చేతిల పెట్టిండు.

ఇప్పటికీ పోతున్నం. నా చెయ్యి జర లేస్తుంది. మైకు మూతి వెనకకే ఉన్నది, పిలుపు పాతదే. మా ఆయన గొంతు నా వీపు వెనక మొత్తుకుంటది, మా ఆయన నా ముందట సప్పుడు లేకుండ బండి నడుపుతడు.

మొన్న సిర్గాపూర్ తొవ్వల కల్వర్టు మీద కూసోని సద్ది తిన్నం. చెయ్యి కడుక్కొని అడిగిండు: "ఏమే, నిజం చెప్పు. నేను మాట్లాడుతున్ననా, ఒర్లుతున్ననా?"

ఒర్లుతున్నడు. తొవ్వల పోయెటోళ్లు వెనకకు తిరిగి చూస్తుండ్రి. మాట్లాడుతున్నవని చేత్తోటి సైగ చేసిన. అయితే మంచిదేనని ఇంకింత గట్టిగ అన్నడు. బండెక్కినం.

మీరు సల్లగుండాలె. మీ ఇంట్ల పిలిస్తే పలికెటోళ్లు ఎప్పటికీ ఉండాలె. ఎన్నడన్న పలకకుంటే, అది అలిగి పలకకపోవుడే కావాలె గని, మా అసొంటి ఎత మీ గడప తొక్కొద్దు.