నాలుగు కుర్చీల ఎత్తు

2023 జనవరి 9, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నాకు ఈ పని అప్పగించారు. అప్పుడు నేను వనపర్తి దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పదవీ విరమణకు ఐదు నెలల ఇరవై ఒక్క రోజులు మిగిలి ఉన్నాయి. బడి పనితోపాటు ఇరవై ఏడేళ్లు కుస్తీ పోటీల్లో అధికారిగా పనిచేశాను. తొమ్మిదేళ్లు గడియారం పట్టాను, పదకొండేళ్లు జడ్జిని, చివరి ఏడేళ్లు మ్యాట్ చైర్మన్‌ని. ఈల వేసే రెఫరీ ఒక్కడే జనానికి కనిపిస్తాడు. పక్కన కూర్చుని పాయింట్లు రాసేది జడ్జి. ఆ ఇద్దరికీ మాట కలవనప్పుడు ఆఖరి మాట చెప్పేది మ్యాట్ చైర్మన్. ఆ మాటకు పైన అప్పీలు లేదు.

పని ఏమిటంటే, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఏళ్ల తరబడి తాలీంలు నడిపిన ఉస్తాదులకు, గోదాలో పేరు తెచ్చుకున్న పాత పహిల్వాన్లకు మా ప్రాంత కుస్తీ సంఘం సన్మానం తలపెట్టింది. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు, గోదా అంటే మట్టి వేసిన బరి. ఎవరు ఎన్ని పట్లు, అంటే ఎన్ని కుస్తీలు, పట్టారు, ఎన్ని గెలిచారు అన్నది పరిశీలించి, జ్ఞాపికల మీద రాయాల్సిన మాటలు తేల్చి, వేదిక మీద వరుస కుదర్చడం నా బాధ్యత.

ఇరవై ముగ్గురు తేలారు. అందరిలోకీ పెద్ద తిమ్మాజిపేట వైపు నుంచి వచ్చిన నర్సింహ పహిల్వాన్, వయసు డెబ్బై నాలుగు. 1967లో మొదటి పట్టు. మొత్తం 212 పట్లలో 187 గెలుపు, 25 బరాబర్, ఓటమి సున్న. బరాబర్ అంటే ఎవరూ గెలవనిది. ఇందులో 164 పట్లకు నేను సాక్షులను పట్టుకోగలిగాను. మిగిలిన 48కి ఆయన మాటే ఆధారమని దస్త్రంలో రాశాను. ఆ 25 బరాబర్లలో మూడు పెబ్బేరు మహబూబ్ పహిల్వాన్‌తో జరిగినవి. చివరిది 1985లో. మహబూబ్‌కు డెబ్బై రెండేళ్లు. ఈ సన్మానానికి ఆయనా వస్తున్నాడు.

మట్టి కుస్తీలో ఓటమిని చిత్ అంటారు. రెండు భుజాల వెనక భాగాలూ ఒకేసారి నేలకు తాకాలి. ఒక భుజం తాకితే చాలదు. అనుమానం వస్తే రెఫరీ వీపు చూస్తాడు. రెండు వైపులా మట్టి ఉంటే చిత్, ఒకవైపే ఉంటే కుస్తీ సాగుతుంది. నర్సింహ వీపుకు మట్టి అంటలేదన్నది మూడు జిల్లాల్లో అందరికీ తెలిసిన మాట. ఆయన జ్ఞాపిక మీద 'వీపు నేల తాకని పహిల్వాన్' అని చెక్కించాం.

ఫిబ్రవరి 12, ఆదివారం, కొత్తకోటలో సభ. మూడు వైపుల నుంచీ బస్సులు దొరికే ఊరని అక్కడ పెట్టారు. పదకొండున్నరకు ముఖ్య అతిథిగా ఒక అధికారి రావాలి. పది గంటలకు వేదిక మీద కుర్చీలు వేసి పెద్దలను పిలిస్తే చాలామంది కూర్చోలేదు. తాలీంలో ఒక పద్ధతి ఉంది. ఉస్తాద్ కూర్చున్న ఎత్తులో శిష్యుడు కూర్చోడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి అయినా సరే, ఉస్తాద్ ఎదురుగా ఉంటే కిందే. టెంట్‌హౌస్ వాళ్లు తెచ్చినవన్నీ ఒకే ఎత్తు తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు. శిష్యులు కింద కూర్చున్నారు. ఆ శిష్యులకు ఉస్తాదులైనవాళ్లు తమ ఉస్తాదులను చూసి తామూ కింద కూర్చున్నారు. పది గంటల పది నిమిషాలకు కుర్చీలో ఉన్నది నర్సింహ, మహబూబ్, ఇంకో ఇద్దరు మాత్రమే. మిగతా పంతొమ్మిది మంది తివాచీ మీద.

సంఘం అధ్యక్షుడు తల పట్టుకున్నాడు. "మేడం, గిట్లైతె ఎట్ల? ఫొటోల చూస్తె సన్మానం లెక్కుండది, పోలీసులు పట్టుకొచ్చి కూసోబెట్టిన లెక్కుంటది" అన్నాడు.

నేను టేపు తెప్పించి కొలిచాను. కుర్చీ ఎత్తు 43 సెంటీమీటర్లు. ఒకదానిలో ఒకటి పేరిస్తే ప్రతి కుర్చీకి ఆరు సెంటీమీటర్లు పెరుగుతుంది. తరానికి ఒక కుర్చీ అని నిర్ణయించాను. శిష్యులు లేనివారికి ఒకటి, శిష్యులున్నవారికి రెండు, శిష్యుడికి శిష్యుడు ఉంటే మూడు, ఆ పైన నాలుగు. నాలుగు కుర్చీలవాడు ఒక్కడు, మూడువి ముగ్గురు, రెండువి ఏడుగురు, ఒకటివి పన్నెండు మంది. మొత్తం 39. వేదిక మీద ఉన్నవి 23, కాబట్టి పదహారు ప్రేక్షకుల వైపు నుంచి తెప్పించాను. ఇరవై నిమిషాల్లో అందరూ కూర్చున్నారు. నాకు నచ్చిన ఏర్పాట్లలో అది ఒకటి అనుకున్నాను.

అభ్యంతరం ఒక్కటే వచ్చింది. మహబూబ్ లేచి నా దగ్గరికి వచ్చాడు. "టీచరమ్మా, ఆయనకు నాలుగు, నాకు మూడా? మూడు సార్లు బరాబర్ చేసిన్నమ్మా నేను. కుర్చీల కాడ ఓడగొడ్తవా?"

తరాల లెక్క చెప్పి, నాలుగో తరం శిష్యుడు ఎవరైనా ఉంటే చూపించమన్నాను. ఆయన అక్కడే ఫోన్ తీసి ఎవరికో చేశాడు. అవతల ఎత్తలేదు. "సంతల ఉన్నట్టున్నడు" అని గొణుక్కుంటూ వెళ్లి మూడు కుర్చీల మీదే కూర్చున్నాడు.

61 సెంటీమీటర్ల ఎత్తులో కూర్చున్న నర్సింహ కాలి బొటనవేళ్లు మాత్రమే తివాచీకి ఆనాయి. వేదికంతా బంతిపూల రేకులు. పదకొండు గంటల యాభై రెండు నిమిషాలకు అధికారి శాలువా పట్టుకుని ఆయన ముందుకు వచ్చాడు. పొట్టి మనిషి. మునివేళ్ల మీద లేచి రెండు చేతులూ నర్సింహ మెడ వెనక్కి పోనిచ్చాడు.

మెడ మీద ఎదుటివాడి చెయ్యి పడితే మెడ ఇవ్వకూడదు. తాలీంలో మొదటి వారం నేర్పేది అదే. నర్సింహ మెడ వెనక్కి లాగాడు. నాలుగు కుర్చీలూ ఒక్కసారి వెనక్కి వాలాయి, అడుగు కుర్చీ కాలు ఫట్‌మని విరిగింది.

మామూలు మనిషి అయితే చేతులు ఆనించి కాపాడుకుంటాడు. ఆయన చేతులు వదిలేసి, నడినెత్తి, మడమలు మాత్రమే నేలకు ఆనించి నడుమును విల్లులా పైకి లేపాడు. వీపు నేలకు తాకకుండా కుస్తీలో చేసే ఆఖరి ప్రయత్నం ఇది. పట్టు చూస్తున్నవాడు ఈ స్థితిలో ఉన్నవాణ్ని ముట్టుకోకూడదు. అందుకే వేదిక మీద ఉన్న ఇరవై రెండు మందిలో ఒక్కరూ చెయ్యి వేయలేదు.

"ముట్టద్దు! ఎవ్వలు ముట్టద్దు!" అని నర్సింహ తలకిందులుగానే అరిచాడు.

నా మెడలో స్టాప్‌వాచ్ ఎప్పుడూ ఉంటుంది. నొక్కాను. 

మహబూబ్ మూడు కుర్చీల మీద నుంచి దూకి, తివాచీ మీద బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి నర్సింహ వీపు కిందికి చూశాడు. రెఫరీలు చూసేది అలాగే. "ఇంక సందుంది! రెండు వేళ్ల సందుంది! పట్టుకో నర్సన్నా, ఇడ్వకు!" అని అరిచాడు. ఆ అరుపులో పై పళ్ల సెట్టు ఊడి పడి విరిగింది. శాలువా కొస ఇంకా వదలని అధికారి వెనక్కి జరగబోయి దాన్ని తొక్కి అంచు చింపాడు.

పంతొమ్మిది సెకన్ల దగ్గర నర్సింహ నడుము కుంగింది. వెంటనే పక్కకు దొర్లి లేచి నిలబడ్డాడు.  తరవాత అందరూ ఒకేసారి మాట్లాడారు. తాకింది అని సగం, తాకలేదు అని సగం.

అధ్యక్షుడు మైకు అందుకుని ఇది గోదా కాదు, కుస్తీ కాదు, లెక్కలోకి రాదు, జ్ఞాపిక ఇచ్చేద్దాం అన్నాడు. నిబంధన ప్రకారం ఆయన మాట సరైనదే. ఈల లేదు, ప్రత్యర్థి లేడు. కానీ నర్సింహ ఒప్పుకోలేదు.

"గోదా అయితేంది, పందిరి అయితేంది సారు? నలుగురి ముంగట వీపు తాకితె చిత్తే. మా ఉస్తాద్ చెప్పింది గదే. తాకలేదని నాకెర్క. టీచరమ్మ చూసి చెప్తది. ఆమె చెప్తెనే ఆ పలక ముట్టుకుంట."

దీనికి గట్టిగా అడ్డుపడింది మహబూబ్. పళ్లు లేక మాట సరిగా రావడం లేదు. "నేనొప్ప! ముప్పై ఎనిమిదేండ్ల సంది ఈయన్ని నేను పడగొట్టాల్నని చూస్తున్న. ఇప్పుడు కుర్చీ పడగొడితె నా ఇజ్జత్ ఏంగావాలె?"

నాకూ ఇబ్బందిగానే ఉంది. కుర్చీలు పేర్చింది నేను. తీర్పు చెప్పాల్సిందీ నేనే. ఇంకొకరిని చూసుకోండి అన్నాను. మూడు జిల్లాల్లో ఇంకో మ్యాట్ చైర్మన్ ఒక్కడే ఉన్నాడు, ఆయన ఆ రోజు మేనకోడలి పెళ్లిలో ఉన్నాడు.

నర్సింహ తెల్ల లాల్చీ వీపు చూశాను. మట్టి లేదు. బంతి రేకులు అంటుకుని ఉన్నాయి. కుడి భుజం మీద పదకొండు, ఎడమ భుజం మీద నాలుగు. దండలోంచి రాలి అంటుకున్నాయేమో అని ఆయన అన్నాడు. రాలిన రేకు దులిపితే పోతుంది. దులిపాను. కుడివైపు ఆరు పోయాయి, ఎడమవైపు రెండు. పోని ఐదూ, రెండూ నలిగి గుడ్డకు పసుపు రంగు పట్టించాయి. బరువు పడకుండా రేకు నలగదు. ఇక ఒకేసారి తాకాయా లేదా అన్నది. ముందు కుడి, దాని మీదుగా ఎడమ అయి ఉండవచ్చు. కానీ ఆయన దొర్లింది ఎడమ నుంచి కుడికి, అంటే ఎడమ రేకులు దొర్లకముందే నలిగాయి. రెండు భుజాలూ ఆనిన క్షణం ఉందని నేను కళ్లతో చూశాను. రేకులు అదే చెప్పాయి.

"చిత్" అన్నాను.

నర్సింహ లాల్చీ సర్దుకున్నాడు. తరవాత, "ఎవరి చేతుల ఓడినట్లు రాస్తవమ్మా?" అని అడిగాడు. రిజిస్టర్ తెరిచి చూపిస్తూ రాశాను. పట్టు సంఖ్య 213. ప్రత్యర్థి: లేరు. సమయం: పంతొమ్మిది సెకన్లు. ఫలితం: చిత్. ఆయన చదివి, వేలు పెట్టి చూసి, "రాత మంచిగుంది" అన్నాడు.

అప్పుడు ప్రేక్షకుల్లోంచి ఆయన భార్య బాలమ్మ లేచింది. "అయిందా? యాభై ఏండ్ల సంది ఈ మనిషి ఎల్లెలకల పండలే. వీపు తాకుతదని పక్కకే పంటడు. దవాఖానల కన్ను ఆపరేషన్‌కు బల్ల మీద పండుమంటె, నిలవడి చెయ్యుండ్రి అని డాక్టర్‌తోని కొట్లాడిండు. ఇగనన్న పండు, ముసలోడా!"

సభ అంతా నవ్వింది. నర్సింహ నవ్వలేదు. తివాచీ వైపు చూశాడు. చూసి, నెమ్మదిగా కూర్చుని, చేతులు చాపి, వెల్లకిలా పడుకున్నాడు. కొంతసేపు పందిరి గుడ్డ వైపు చూశాడు.

"ఓరి నీ... గింత సుఖమా? గిన్నేండ్లు ఎవ్వడన్న చెప్పిండార్రా?"

"మమ్ముల అడిగినవా ఎప్పుడన్న?" అన్నాడు మహబూబ్. ఆయన తొమ్మిదిసార్లు చిత్ అయిన మనిషి. పక్కనే పడుకుని ఎలాగో చూపించాడు. "తల కింద చెయ్యి పెట్టుకో. మోకాలు జర లేపు. ఆ... గట్ల. ఇప్పుడు కడుపు ఇడ్వు."

అధ్యక్షుడు వచ్చి వాళ్లను లేపమన్నాడు. సన్మానం పొందేవారు పడుకోకూడదన్న నిబంధన నాకు తెలియదని చెప్పాను. ప్రథమ చికిత్స పెట్టెలోంచి తెల్ల పట్టీ తీసి నర్సింహ జ్ఞాపిక మీద 'వీపు నేల తాకని' అన్న వరుస కప్పేశాను. మిగిలిన ఇరవై ఒక్క మందికీ శాలువాలు కప్పడం పన్నెండు గంటల యాభై నిమిషాలకు పూర్తయింది. ఈ ఇద్దరికీ అధికారి వంగి, పడుకున్నచోటే కప్పాడు. నర్సింహ అప్పటికే గురక పెడుతున్నాడు. మార్చి మొదటి వారంలో ఆయన బల్ల మీద పడుకుని కంటి ఆపరేషన్ చేయించుకున్నాడని బాలమ్మ ఫోన్ చేసి చెప్పింది.

ఆ రోజు నేర్చుకున్నది, తీర్పు చెప్పాల్సినవాళ్లు ఏర్పాట్లు చేయకూడదు. ఏర్పాట్లు చేసినవాళ్లు తీర్పు చెప్పకూడదు. తీర్పు సరైనదే అని ఇప్పటికీ అనుకుంటున్నాను, కానీ పడగొట్టింది నా లెక్క. పద్ధతి కోసం ఎత్తు తేడా కావాలంటే ఉస్తాదుకు కుర్చీ, శిష్యుడికి చెక్క బెంచీ, ఆ కిందివారికి చాప వేయాలి. పేర్చకూడదు. పదవీ విరమణ తరవాత ఇంకో రెండు సన్మానాలకు నన్ను పిలిచారు. రెండుసార్లూ కుర్చీలు వేయడం ఒప్పుకున్నాను, ఇంకే పనీ ఒప్పుకోలేదు.

పోయినవి: ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, వెనక కుడి కాలు. పై పళ్ల సెట్టు ఒకటి. శాలువా అంచు, జానెడు. సభ సమయం యాభై ఎనిమిది నిమిషాలు. యాభై ఆరేళ్ల పేరు ఒకటి.