యెఫీమ్ ఆపించిన సంతకం

మా ఊరి ఐస్ హాకీ హాలులో స్కేట్లకు సానపట్టే యెఫీమ్ ప్రొకొపెంకోను మొండివాడు అంటే చాలా మర్యాదగా అన్నట్టు. పాతికేళ్లు నూనె తీసే రాతి గనిలో పనిచేశాడు. గని మూతపడ్డాక వచ్చి సానచక్రం ముందు కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. నేను అదే హాలులో మంచును నున్నగా చేసే బండి నడుపుతాను. నా పేరు గ్రిగొరి, యెఫీమ్ నోట గ్రీషా. ఇద్దరం ఇరవై ఏళ్లుగా ఒకే కెటిల్లో టీ కాచుకుంటున్నాం. ఒకరి మాట ఒకరం విన్న రోజు మాత్రం నాకు గుర్తులేదు.

పనిలో ఆయనకు వంక పెట్టలేం. బ్లేడు మీద పాత కోపెక్కు నాణెం అడ్డంగా నిలిపి, ఒక కన్ను మూసి చూసేవాడు. నాణెం వెంట్రుకవాసి వాలినా మళ్లీ మొదటికొచ్చేవాడు. పరిగెత్తే ఆటగాడికి బ్లేడు గాడి లోతుగా, గోల్ కాసేవాడికి పైపైన. ఏ కుర్రాడికి ఎంత లోతో ఎక్కడా రాసిపెట్టుకోలేదు. అడిగితే, "నీ పెళ్లాం పేరు నువ్వు రాసుకున్నావా?" అనేవాడు.

ఆయన గది గోడల నిండా పత్రికల్లోంచి కత్తిరించిన ఫొటోలే. అన్నీ ఒకే జట్టువి, ఎస్టోనియా పద్దెనిమిదేళ్ల లోపు కుర్రాళ్లవి. దేశానికి స్వతంత్రం వచ్చి ఆ జట్టు అంతర్జాతీయ పోటీల్లోకి దిగిన తొలి ఏడు నుంచీ ఆయన దాచాడు. మొదట్లో చావుదెబ్బలు తిన్నారు, పది పన్నెండు గోల్స్ తేడాతో. తర్వాత్తర్వాత నిలదొక్కుకున్నారు. ఒక ఏడు గెలిచి పై శ్రేణికి ఎక్కడం, రెండేళ్లు ఊపిరి బిగబట్టి అక్కడ వేలాడటం, మళ్లీ కిందికి జారడం. ఆ జట్టు చరిత్ర మొత్తం ఇంతే. యెఫీమ్ ఒక్క పోటీకి కూడా బయటి దేశం వెళ్లలేదు. ఆయన సానపట్టిన బ్లేడ్లు మాత్రం సగం యూరప్ తిరిగొచ్చాయి.

పత్రికలు రాయని చరిత్ర ఇంకొకటి ఉంది. ప్రతి ఏడూ మా కోహ్త్లా-యార్వే నుంచి ఏడెనిమిది మంది శిక్షణ శిబిరానికి వెళ్తే, ఒకరో ఇద్దరో ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చేవారు. కాలు విరిగి కాదు, ఆట రాకా కాదు. మా ఊళ్లో చాలా ఇళ్లలో మాట్లాడేది రష్యన్. ఆ ఇళ్లలో చాలామందికి ఉండేది బూడిదరంగు పాస్‌పోర్టు. అంటే ఏ దేశానికీ చెందనివాళ్లమని అర్థం. పుట్టింది ఇక్కడే అయినా, దేశం తరఫున ఆడాలంటే దేశం తన ఎర్ర పాస్‌పోర్టు ఇవ్వాలి. అలా తిరిగొచ్చిన కుర్రాడిని యెఫీమ్ గదిలో కూర్చోబెట్టి టీ పోసేవాడు. వాడు వెళ్లాక నా మీద పడేవాడు.

"వీళ్ల అమ్మానాన్నలకు బుర్రుందా గ్రీషా? పిల్లాడికి పదిహేను నిండకముందు పౌరసత్వం కాగితం మీద ఒక్క సంతకం పెడితే చాలు. పరీక్షా లేదు, పాడూ లేదు. ఒక్క సంతకం. అదీ చేతకాదా?"

పదిహేనేళ్ల పాటు ఈ మాట అన్న మనిషే, తన మనవడి దగ్గరకొచ్చేసరికి ఏం చేశాడో చెబుతాను.

ఆయన కూతురు లరీసా కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసేది. భర్త చనిపోయాడు. ఉన్నదొక్కడే కొడుకు రొదియోన్, ఇంట్లో రొద్యా. ఏడేళ్ల వయసు నుంచి వాడు గోల్ ముందు నిలబడ్డాడు. నేను వందల మంది పిల్లల్ని చూశాను, చాలామంది గోల్ కీపర్లు ఆట రబ్బరు బిళ్ల వచ్చాక కదులుతారు. వీడు అది ఎదుటివాడి కర్రను వదలకముందే అక్కడుండేవాడు. పద్నాలుగేళ్లకే రాజధాని తాలిన్ నుంచి వచ్చిన వాళ్లు వాడి పేరు అడిగి తెలుసుకున్నారు.

ఆ మే నెలలో లరీసా పౌరసత్వం దరఖాస్తు పట్టుకుని సాన గదికి వచ్చింది. అన్నీ నింపేసింది, సంతకం ఒకటే మిగిలింది. తండ్రిని పెన్ను అడిగింది. నేను అక్కడే బిస్కెట్ టీలో ముంచుకుంటున్నాను.

"ఆగవే," అన్నాడు యెఫీమ్. "ప్స్కోవ్‌లో మీ పెదనాన్న మంచం పట్టాడు. బూడిద పుస్తకంతో అయితే రష్యా సరిహద్దు దాటడానికి వీసా అక్కర్లేదు. ఎర్రది చేతికొస్తే పిల్లాడికి వీసా కావాలి, వారాలు తిరగాలి. వీడంటే ఆయనకి ప్రాణం. ఈ వేసవికి చూసొచ్చాక పెట్టు."

"అక్టోబరు అయిదుకి వాడికి పదిహేను నిండుతాయి నాన్నా."

"ఇంకా అయిదు నెలలుంది. నాకు క్యాలెండర్ చూడటం రాదా?"

లరీసా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నాకూ అది సబబుగానే తోచింది. నా దగ్గరా అదే పుస్తకం, అటూ ఇటూ తిరగడానికి బాగుంటుందని నేనూ అలాగే ఉంచుకున్నాను. మా వాళ్లందరిదీ ఇదే తెలివి.

ప్స్కోవ్ పెద్దాయన ఇదిగో అదిగో అంటూ సెప్టెంబరు దాకా ఉన్నాడు. ఆ వేసవి తాతా, కూతురూ, మనవడూ మూడుసార్లు వెళ్లొచ్చారు. తిరిగొచ్చిన ప్రతిసారీ మళ్లీ కబురు వచ్చేది. సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన ఆయన పోయాడు. అందరూ పరిగెత్తారు. మాలో తొమ్మిదో రోజు చేయకుండా సొంతవాళ్లు కదలకూడదు. కదిలితే ఊరంతా నోళ్లు నొక్కుకుంటుంది. తొమ్మిదో రోజు అక్టోబరు ఆరున వచ్చింది. ఏడున లరీసా బస్సు దిగి తిన్నగా పౌరసత్వం ఆఫీసుకి వెళ్లింది. అక్కడి అమ్మాయి తేదీ చూసి, "మొన్నటిదాకా అయితే తీసుకునేదాన్నమ్మా," అంది.

తర్వాత ఊళ్లో ఎవరడిగినా యెఫీమ్ ఒకటే చెప్పేవాడు: "మా అమ్మాయికి మతిమరుపు." లరీసా ఎదురుగా ఉన్నప్పుడు కూడా అన్నాడు. ఆమె తల వంచుకుని స్కేట్ల సంచి సర్దుకుంది. నాకు ఒళ్లు మండింది. అయినా నోరు విప్పలేదు, అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఇక భాషా పరీక్ష రాయక తప్పలేదు. రొదియోన్‌కి ఎస్టోనియన్ హాకీ మాటల వరకే వచ్చు. పొద్దున్నే రేడియో వార్తలు పెట్టుకుని, విన్నవన్నీ తిరిగి అనుకుంటూ మెట్లెక్కేవాడు. తాత కూడా పక్కన పుస్తకం తెరిచాడు. ఏడాది చదివి ఆయన నేర్చుకున్నది "నమస్కారం", "తలుపు వెయ్యండి". మొదటిసారి కుర్రాడు మూడు మార్కుల్లో తప్పాడు. రెండోసారి గట్టెక్కాడు. దరఖాస్తు తాలిన్ వెళ్లింది. దాని మీద ఎవరు కూర్చున్నారో, ఎప్పుడు లేస్తారో మాకు తెలిసే దారి లేదు.

ఆ శీతాకాలంలో రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. పద్దెనిమిదేళ్ల లోపు జట్టు పోటీలు ఏప్రిల్లో మా హాలులోనే జరుగుతాయన్నారు. జట్టు కోచ్ కాల్యు మా ఊరికి వచ్చి రొదియోన్ ఆట చూశాడు. పొడుగాటి మనిషి, మా భాషలో ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడతాడు.

"ఈ అబ్బాయి నాకు కావాలి," అన్నాడు యెఫీమ్‌తో. "కాగితం ఎప్పుడు?"

"దారిలో ఉందండీ."

"దారి ఎంత పొడవు?"

యెఫీమ్ ఆయన స్కేట్లు అడిగి తీసుకుని సానపట్టి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

పౌరసత్వం జాబితాల మీద ప్రభుత్వం గురువారాలు సంతకం చేస్తుందని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి మా ఇద్దరికీ వారంలో ఉన్నది ఒక్క గురువారమే. యెఫీమ్ ప్రతి శుక్రవారం బస్సెక్కి పక్కూరు యెహ్వీలో ఆఫీసుకి వెళ్లేవాడు. ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు, తన బదులు మాట్లాడమని. నాకొచ్చిన ఎస్టోనియన్ ఆయన కన్నా నాలుగు మాటలు ఎక్కువ, అంతే. చాక్లెట్ల పెట్టె ఒకటి కిటికీలోంచి తోశాడు. లోపలి అమ్మాయి దాన్ని వెనక్కి తోసి రష్యన్‌లోనే మాట్లాడింది.

"తాతగారూ, ఫైలు నా దగ్గర లేదు. ఉంటే నేనే సంతకం పెట్టేసేదాన్ని."

"ఫోను చెయ్యమ్మా. మా వాడు దేశం కోసమే ఆడతానంటున్నాడు, ఇంకెవరి కోసమో కాదు."

"చేశాను. వరసలో ఉందన్నారు."

"వరసలో ఎన్నో వాడు?"

"అది నాక్కూడా చెప్పరు."

ఆమె మంచి పిల్ల. తిట్టడానికి కూడా వీలివ్వలేదు. తిరుగు బస్సులో యెఫీమ్ ఆ పెట్టె విప్పి నాకు ఒకటి ఇచ్చాడు, తను తినలేదు.

పోటీల ముందు చివరి గురువారం జాబితాలో కూడా వాడి పేరు రాలేదు. శనివారం సాయంత్రం ఆరుకల్లా ఆటగాళ్ల పట్టిక ఇచ్చేయాలి. కాల్యు అయిదు యాభై దాకా పెన్ను పట్టుకుని హాలు ఆఫీసులో కూర్చున్నాడు. ఎవరూ ఫోన్ చేయలేదు. అప్పుడు పైదె ఊరి నుంచి వచ్చిన పదహారేళ్ల గోల్ కీపర్ హెన్రిక్ పేరు రాశాడు.

హెన్రిక్ స్కేట్లు సానకు వచ్చాయి. యెఫీమ్ ఏం చేస్తాడోనని నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆయన వాటి మీద ఎప్పుడూ పట్టనంత సేపు కూర్చున్నాడు. అంత బాగా కుదిరిన బ్లేడ్లు నేను చూడలేదు.

వారమంతా హాలు కిక్కిరిసింది. రెండు గెలిచాం, రెండు ఓడాం. ఆఖరి ఆట గెలిస్తే శ్రేణిలో ఉంటాం, లేకపోతే కిందికి పోతాం. రొదియోన్ నా పక్కనే కూర్చున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకుని, "ఎడమకి, ఎడమకి జరుగు," అని గొణుగుతూనే ఉన్నాడు. మూడు మూడు దాకా లాగారు. నాలుగు నిమిషాలు మిగిలాయనగా బిళ్ల నీలిగీత దగ్గర నుంచి దొర్లుకుంటూ వచ్చింది. అదేమంత గట్టి దెబ్బ కాదు. హెన్రిక్ ముందు మన కుర్రాడే అడ్డం నిలబడ్డాడు, వాడికి కనిపించలేదు. నాలుగు మూడు, ఆట అలాగే ముగిసింది, కిందికి జారాం. నా వెనక ఒకాయన, "మనోడు ఉంటేనా," అన్నాడు. పక్కావిడ మోచేత్తో పొడిచి నోరు మూయించింది.

రొదియోన్ లేచి తిన్నగా జట్టు గదిలోకి వెళ్లాడు. తర్వాత కాల్యు చెప్పాడు, హెన్రిక్ ఏడుస్తుంటే వీడు పక్కన కూర్చుని వాడి కాళ్ల కవచాల బకిల్స్ ఒక్కొక్కటే విప్పాడట.

పౌరసత్వం మే మూడో గురువారం వచ్చింది. కేవలం అయిదు వారాలు ఆలస్యం. జూన్ నెలాఖరులో రొదియోన్ ఎర్ర పాస్‌పోర్టు తెచ్చి సాన గదిలో బల్ల మీద పెట్టాడు. యెఫీమ్ చేతులు రెండుసార్లు తుడుచుకుని దాన్ని తెరిచాడు. ఫొటో చూశాడు, పేరు చూశాడు, పుట్టిన తేదీ దగ్గర చాలాసేపు ఆగాడు. ఆ తేదీతో వచ్చే ఏడు పద్దెనిమిదేళ్ల లోపు జట్టులో ఆడటానికి వీల్లేదు.

"ఇరవై ఏళ్ల లోపు జట్టుంది కదరా," అన్నాడు. "కాల్యుకి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"వద్దు తాతా. ఫిన్లాండ్‌లో ఓడలకి రంగులేసే పని దొరికింది. సోమవారం పడవెక్కాలి. అమ్మ ఫ్యాక్టరీ మూసేస్తున్నారుగా. పాత పుస్తకంతో అయితే ఈ పని ఇచ్చేవాళ్లు కాదు."

"మరి ఆట?"

"ఆదివారాలు ఎక్కడో ఒక చోట ఆడతాలే."

యెఫీమ్ పాస్‌పోర్టు మూసి ముందుకు జరిపాడు. నా వైపు చూశాడు. నేను లేచి వెళ్లిపోదామనుకున్నాను కానీ, ఉండమన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"రొద్యా, ఆ సంతకం మర్చిపోయింది మీ అమ్మ కాదు. నేను ఆపించాను."

"తెలుసు తాతా."

"లరీసా చెప్పిందా?"

"అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నేను తలుపు బయటే ఉన్నాను, నా స్కేట్ల కోసం వచ్చి."

"మూడేళ్ల నుంచీ తెలుసా? మరి ఒక్కసారన్నా అడగలేదేం?"

రొదియోన్ పాస్‌పోర్టు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వాడి గొంతులో కోపం లేదు. ఉండుంటే బాగుండేదని నాకిప్పుడు అనిపిస్తుంది.

"అడిగితే నువ్వేం చేయగలిగేవాడివి తాతా?"

యెఫీమ్ సానచక్రం తిప్పి చేతికందిన స్కేటు తీసుకున్నాడు. సోమవారం పొద్దున లరీసా, నేను బస్సు దాకా వెళ్లాం. యెఫీమ్ రానన్నాడు.