ఓవెల్లా దాచిన మాట

ఓవెల్లా స్టిల్ట్‌నర్ మా టగ్ నది లోయలో ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపింది. నేనూ అదే గ్యారేజీలో డ్రైవర్ని. భర్త పోయాక ఆయన వేట తుపాకులు మూడు ఇంట్లో మిగిలాయి. వాటిని చూసినప్పుడల్లా గుండె బరువెక్కుతోందని, అమ్మేద్దామనుకుంది.

మా వెస్ట్ వర్జీనియాలో సొంత తుపాకి ఇంకొకరికి అమ్మడానికి ఏ తనిఖీ అక్కర్లేదు. డబ్బిచ్చి పట్టుకుపోవడమే. ఓవెల్లా మాత్రం, లైసెన్సున్న తుపాకుల కొట్టుకి తనతో వచ్చి, ఫారం నింపి, నేరాల రికార్డు తనిఖీ చేయించుకున్నవాళ్లకే ఇస్తానంది. మరిది డ్వేన్‌కి ఒళ్లు మండింది.

"ఇరుగుపొరుగుని దొంగల్లా చూస్తావేంటి వదినా? చట్టంలో లేనిది నీకెందుకు?"

"కొట్టువాడు అడిగితే నింపుతావు కదా. నేనడిగితే తప్పా?"

అప్పుడే అలాంటి తనిఖీ అందరికీ పెట్టాలని రాజధానిలో బిల్లొకటి వచ్చింది. ప్రతి ఆదివారం భోజనాల దగ్గర వదినా మరుదులకి అదే వాదన.

నవంబరులో, జింకల వేటకి వారం ముందు తుపాకి కొంటానని కార్విన్ వచ్చాడు. గనిలో పని పోయిన మనిషి, ముప్పై నాలుగేళ్లు. చిన్నప్పుడు ఆమె బస్సులోనే బడికెళ్లాడు. కొట్టుకి రమ్మనేసరికి మొహం ముడుచుకున్నాడు. ఎనిమిదేళ్లు మీ బస్సెక్కాను, నేనెవరో తెలీదా అన్నాడు. తెలుసు కాబట్టే నేనూ వస్తున్నానంది.

కొట్టులో ఫారం సగం నింపాడు. భార్యని గానీ పిల్లల్ని గానీ బెదిరించకూడదని మీ మీద కోర్టు ఉత్తర్వు ఉందా అన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. కాసేపు చూసి, పెన్ను బల్ల మీద పెట్టి బయటికెళ్లిపోయాడు. ఓవెల్లా వెనకే వెళ్లి అతని ట్రక్కులో పక్క సీట్లో కూర్చుంది.

"జింకల కోసమేనా నాయనా?"

"తెలీదు మిస్ ఓవెల్లా," అన్నాడు స్టీరింగు మీద చేతులు పెట్టి. "నిజంగా నాకే తెలీదు."

ఆమె తిట్టలేదు. ఇంటికి తీసుకెళ్లి చిక్కుడుగింజల పులుసు, మొక్కజొన్న రొట్టె పెట్టింది. మర్నాడు తనే వెల్చ్ ఊళ్లో కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ చలికాలమంతా ప్రతి బుధవారం, బస్సు డ్యూటీ అయ్యాక, అదే పని. ఎక్కడికెళ్తున్నావని నేనడిగితే పంటి డాక్టరు దగ్గరికంది. అన్ని పళ్లు ఎవరికుంటాయి అని నవ్వుకున్నాను.

బిల్లు ఆ ఏడు ముందుకు కదల్లేదు. డ్వేన్ గెలిచానన్నాడు. ఓవెల్లా రొట్టె తుంచుకుంటూ ఊరుకుంది. కార్విన్ సంగతి ఒక్క మాట చెబితే వాదనలో ఆమే గెలిచేది.

ఐదేళ్లకి ఆమె పోయింది. అంత్యక్రియలయ్యాక చర్చి కింద హాల్లో భోజనాలప్పుడు కార్విన్ లేచి ఈ సంగతంతా చెప్పాడు. భార్య తిరిగి రాలేదు గానీ, శనివారాలు కూతుర్ని చూడనిస్తోంది. ఆ పిల్ల అతని పక్కనే కూర్చుని కోడి ముక్క తింటోంది.

డ్వేన్ పళ్లెం పక్కకి నెట్టాడు.

"వదిన నాకొక్క మాట చెప్పుండొచ్చుగా. ఐదేళ్లు పోట్లాడాను ఆవిడతో."

"ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చింది," అన్నాడు కార్విన్.

డ్వేన్ తన బెంచీ మీద కాస్త జరిగి, పక్కన తండ్రీకూతుళ్లకి చోటిచ్చాడు.