జిగురులో మున్యా

సతుర్నీనా వామానీ కాగితం సంచులు అంటించడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఓ ఖాళీ సిమెంటు సంచి విప్పి, మడతలు చూసుకుని, మళ్లీ మడిచి నేర్చుకుంది. పదకొండేళ్లుగా కాల్కా ఊరి ఎగువ కొండల్లోని ఆడవాళ్ల సంఘం అమ్మే తెల్ల మొక్కజొన్నంతా ఆమె సంచుల్లోనే దిగువకు వెళ్తోంది.

ఈ ఏడు వానలు వెనకబట్టాక కుస్కో పట్నంలోని దుకాణం నుంచి సంచులు తిరిగొచ్చాయి. అన్నిట్లోనూ ముక్కుపురుగులే. సంఘం పెద్ద యులాలియా మాట దాచుకునే మనిషి కాదు.

"ఇంకోసారి పురుగొస్తే కొననన్నాడక్కా. ప్లాస్టిక్ కవర్లు చెప్పేస్తా. నీ సంచులు మనకీ నచ్చాయి, పురుగులకీ నచ్చాయి."

"నలభై రోజులాగు," అంది సతుర్నీనా. ప్లాస్టిక్ వస్తే ఆమె చేతికి పనుండదు.

బంగాళాదుంపల కుప్పలో మున్యా రెమ్మలు పరవడం అక్కడ ప్రతి ఇంట్లో ఉన్నదే. పుదీనాలాంటి ఘాటు, పురుగు దరికి రాదు. సతుర్నీనా నీడన ఎండిన ఆ ఆకు తెచ్చి గింజల్లోనే కలిపి మూతి అంటించింది. ఆ సంచిని పురుగు పట్టిన బస్తా పక్కనే పెట్టింది. ఇరవయ్యో రోజు విప్పితే ఒక్క పురుగూ లేదు. మంగలంలో వేయించిన ఆ గింజలు నోట్లో వేసుకున్న యులాలియా మాత్రం నమలడం ఆపేసింది.

"ఇదేంటక్కా, కడుపునొప్పి కషాయంలా ఉంది? తిన్నాక ముసుగుతన్ని పడుకోవాలా?"

అందరూ పగలబడి నవ్వారు. సతుర్నీనాకూ నవ్వొచ్చింది. దుంపకైతే తొక్క తీస్తారు. వేయించిన మొక్కజొన్నను తొక్కతోనే నములుతారు. చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన పని కావడంతో ఆ తేడా ఆమెకు తట్టనే లేదు.

ఇక ఇరవై రోజులే ఉన్నాయి. తిరిగొచ్చిన సంచి ఒకటి బ్లేడుతో కోసింది. పొడి, తొలిచిన గింజలు అన్నీ అడుగు మడత వెంబడే ఉన్నాయి. నడిమి గింజలు గట్టిగానే ఉన్నాయి. మడత అంటించింది గోధుమపిండి జిగురుతో.

"దారి నేనే వేసి, దారిపొడుగునా బువ్వ కూడా పెట్టాను," అనుకుంది.

ఈసారి నీళ్లకు బదులు మున్యా మరిగించిన కషాయంలో పిండి ఉడికించింది. రెండుసార్లు పలచబడి మడతలు ఊడాయి. మూడోసారి చిక్కగా కుదిరింది. ఘాటు గింజకు తగలకుండా సంచికి రెండు పొరలు పెట్టింది. జిగురు బయటి పొరకే, లోపలిది ఉత్త మడతలతోనే నిలుస్తుంది. అలా ఐదు సంచులు నింపి మళ్లీ ఆ బస్తా పక్కనే పేర్చింది.

నలభయ్యో రోజు యులాలియా స్వయంగా విప్పింది. నాలుగు శుభ్రంగా ఉన్నాయి. ఐదోదాంట్లో రెండు పురుగులు కదులుతున్నాయి.

"నాలుగింటికి వంక పెట్టలేను. మరిదీ?"

సతుర్నీనా ఆ సంచి మూల విప్పి చూసింది. వేలెడంత మేర జిగురు అంటనే లేదు.

"మున్యాది కాదమ్మా తప్పు. నా కుంచెది."

ఆ నాలుగు సంచుల్లోంచి తీసి వేయించిన గింజలు యులాలియా పిడికెడు నమిలింది. మొక్కజొన్న రుచే తగిలింది.

"సరే, ప్లాస్టిక్ వాళ్లకి ఇవాళ ఫోన్ చెయ్యను."

"రేపో?"

"మూలలు సరిగ్గా పూస్తే రేపూ చెయ్యను."

సతుర్నీనా కొత్త సంచి తీసుకుని, మూలల నుంచే పూయడం మొదలుపెట్టింది.