అక్క ముక్కు, బావ టచింగ్

మా అక్క ముక్కు వంకర. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు కాబట్టి ముందుగా నేనే అనేస్తున్నాను. తన తొమ్మిదో ఏట ఊయల బల్ల వచ్చి ముఖానికి కొట్టింది. రక్తం ఆగింది, ఏడుపూ ఆగింది, ఇంకా డాక్టరెందుకని మా నానమ్మ తేల్చేసింది. ఎముక దానంతటదే సర్దుకుంటుందట. సర్దుకుంది, కాకపోతే కుడివైపుకి సర్దుకుంది.

నాది తిన్నగా ఉంటుంది. అందులో నా గొప్పేమీ లేదు, ఆ రోజు ఊయల ముందు నేను నిలబడలేదు, అంతే. పైగా చికెన్‌పాక్స్ వచ్చిపోతూ ముక్కు ఎడమ పక్కన ఆవగింజంత గుంట ఒకటి మిగిల్చి పోయింది. అయినా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, "చిన్నదాని ముక్కు చూడండి, గీత గీసినట్టుంది" అనేవాళ్లు. అక్క మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లిపోయేది. వాళ్లు వెళ్లేదాకా ఆ మంచినీళ్లు రావు.

పెద్దయ్యాక అక్కకి దొరికిన ఉద్యోగం చూడండి. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్. కుట్టిన చొక్కా బల్ల మీదికి రాగానే కాలర్ కొనలు రెండూ దగ్గరికి తెచ్చి చూస్తుంది. నూలుపోగంత తేడా ఉన్నా ఎర్ర బాణం స్టిక్కర్ అంటించి వెనక్కి పంపేస్తుంది. రోజుకి ఐదారువందల చొక్కాలు. కుట్టేవాళ్లు తిట్టుకుంటారు గానీ అక్క స్టిక్కర్ పడిందంటే వాదించరు, ఎందుకంటే తేడా ఉండే ఉంటుంది. అవే కళ్లతో సాయంత్రం ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడితే అవి ఎక్కడికి పోతాయో వేరే చెప్పాలా?

ఇక మా బావ. ఆయనకి మెయిన్ రోడ్డు మీద ఫొటో స్టూడియో ఉంది. నేను పనిచేసే మందుల షాపుకి రెండు షట్టర్ల అవతలే. మంచివాడు, మెత్తనివాడు, ఆ మెత్తదనంతోనే మనుషుల ప్రాణం తీస్తాడు. టచింగ్ చేయకుండా ఒక్క ఫొటో కూడా ఆయన షాపు మెట్లు దిగదు. పాస్‌పోర్టు ఫొటో అయినా సరే మొటిమలు మాయమవ్వాల్సిందే, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలవాల్సిందే. మా షాపు ఓనరు తన ఫొటో చేతికి రాగానే "ఇది మా తమ్ముడిది, నాదివ్వండి" అన్నాడు. ఎందుకు బావా అంటే, "చెయ్యి ఊరుకోదమ్మా" అంటాడు.

అక్క ఫొటోల్లో అక్క ముక్కు తిన్నగా ఉంటుంది. "మీ బావకి నా యాంగిల్ తెలుసే. ఆయన తీస్తే తిన్నగా పడుతుంది" అని అక్క నాతో చాలాసార్లు అంది, కాస్త గర్వంగానే అంది. టచింగ్ చేసేవాడి పెళ్లాం, ఆ మాత్రం అనుమానం రావద్దూ? రాలేదు. చొక్కా కాలర్లో నూలుపోగు కనిపెట్టే మనిషికి ఇది కనపడలేదంటే, చూడాలని అనుకోలేదేమో.

ఇలా పద్దెనిమిదేళ్లు బాగానే గడిచాక ఫ్యాక్టరీ గేటు దగ్గర కొత్త హాజరు మిషను పెట్టారు. దాని ముందు ముఖం పెడితే మనిషిని గుర్తుపట్టి, పచ్చ లైటు వెలిగించి, గేటు తీస్తుంది. అందరూ ఒక్కో ఫొటో ఇవ్వాలన్నారు. బావ తీసినదే అక్క ఇచ్చింది. మర్నాటి నుంచి మొదలైంది తంతు. అందరికీ పచ్చ లైటు, అక్కకి ఎర్ర లైటు. బొట్టు తీసి చూసింది, జుట్టు వెనక్కి దువ్వి చూసింది, ఊపిరి బిగబట్టి చూసింది. వెనక వరసలో వాళ్లు విసుక్కుంటుంటే గేటు దగ్గరి గార్డు, "మేడమ్, ముక్కు కాస్త తిన్నగా పెట్టండి" అన్నాడట. రోజూ ఆయన పుస్తకంలో చేత్తో రాసి పంపేసరికి పది నిమిషాల ఆలస్యం. మూడు ఆలస్యాలకి ఒక పూట సెలవు కోత.

మూడో వారం అక్క నా షాపుకొచ్చి కౌంటర్ మీద చేతులు ఆనించి నిలబడింది.

"మనుషులంటే సరేనే. మిషను కూడా నా ముక్కు చూసి తల తిప్పుకుంటోంది. ఆపరేషన్ చేయించుకుంటాను."

"ముక్కు ఎముక విరగ్గొట్టి మళ్లీ పెడతారక్కా. నువ్వు సూది అంటేనే కళ్లు తిరిగి పడతావు."

"విరగ్గొట్టనీ. ఒకసారి విరిగింది, చచ్చానా?"

నలభై ఒకటో ఏట, ఒక గేటు తెరుచుకోవడం కోసం, ముఖం పగలగొట్టించుకోవడానికి సిద్ధపడిందంటే ఆ మిషన్ని రాయిపెట్టి బద్దలు కొట్టాలనిపించింది నాకు.

బావ ఒప్పుకోలేదు. "నీ ముక్కుకేమైందే? బంగారంలా ఉంది" అంటాడు, మళ్లీ గోడకేసి చూస్తాడు. మిషను అక్కని ఎందుకు గుర్తుపట్టడం లేదో ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆయనొక్కడే. నోరు విప్పితే ఒట్టు! ఆపరేషన్ కోసం అక్క ఫోను చేసిన ముక్కు డాక్టరమ్మ పాత ఫొటోలు పట్టుకురమ్మని చెప్పిందంటే, "ఫొటోలెందుకు, ముక్కు ఎదురుగా ఉండగా" అని గొణిగాడు. అక్క వినలేదు. ఏటికొకటి చొప్పున పద్దెనిమిది ఫొటోలు ఏరి కవర్లో పెట్టింది. అంతకు ముందువి లేవు. స్కూలు గ్రూపు ఫొటో ఒకటుంది గానీ, అందులో అక్క ముందు పిల్ల తల వెనక దాక్కుంది.

ముగ్గురం కలిసే వెళ్లాం. డాక్టరమ్మ నాకు మందుల చీటీల మీద చేతిరాతగా తెలుసు. మనిషి ఆ రాత కన్నా గట్టిది. చిన్న లైటుతో లోపలికి చూసింది. "కుడి రంధ్రం దాదాపు మూసుకుపోయింది. నిద్ర పడుతోందా?" అంది.

"అందరికీ పట్టినట్టే పడుతోంది" అంది అక్క.

"నోరు తెరుచుకుని, గంటకోసారి ఉలిక్కిపడి లేస్తుంది డాక్టర్. మా ఇంట్లో పడుకున్నప్పుడల్లా చూస్తున్నాను" అన్నాను నేను.

"లోపలి ఎముక సరిచేయడం అవసరం. గాలి ఆడాలి కదా. బయటి వంకర తీయడమా మానడమా, అది మీ ఇష్టం." ఇలా చెప్పి డాక్టరమ్మ ఫొటోలు అడిగింది. ఆవిడ దగ్గర పనిచేసే అమ్మాయి వాటిని స్కానర్లో పెట్టి ఒక్కొక్కటే పెద్ద తెర మీదికి తెచ్చింది. పద్దెనిమిదీ అయ్యేసరికి డాక్టరమ్మ ముఖం మారిపోయింది. ముందు అక్కని చూసింది, తరవాత బావని చూసింది.

"మీరు కాసేపు బయట కూర్చోండి" అంది బావతో.

ఆయన ఉరిశిక్ష పడినవాడిలా లేచి వెళ్లాడు. డాక్టరమ్మ తలుపు వేసి కుర్చీ అక్క దగ్గరికి జరుపుకుంది.

"పోయినేడాది వరకూ మీ ముక్కు తిన్నగానే ఉంది. ఇది ఈమధ్య తగిలిన దెబ్బ. భయపడకుండా చెప్పండి, మీ ఆయన చెయ్యి చేసుకుంటారా?"

అక్క నోరు తెరిచింది. "ఆయనా? బొద్దింక కనపడితే కొట్టమని నన్ను పిలుస్తారండీ ఆయన!"

నాకు నవ్వాగలేదు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. చిన్నప్పటి ఊయల సంగతి ఇద్దరం చెప్పినా నమ్మలేదు. తెర మీద బొమ్మని ఇంకా పెద్దది చేసి, ముక్కు ఎడమ పక్కన వేలు పెట్టి చూపించింది. "మరి అన్ని ఫొటోల్లోనూ ఉన్న ఈ గుంట ఏమైంది? మీ ముఖం మీద లేదే?"

చేతిలో పట్టే ఫొటోలో అదెప్పుడూ కనపడలేదు. తెర మీద గుమ్మడిగింజంత ఉంది. అక్క దాన్ని చూసింది. తరవాత మెల్లగా తల తిప్పి నా ముక్కు చూసింది.

పద్దెనిమిదేళ్లుగా మా అక్క ముఖం మీద ఉన్నది నా ముక్కు. ఆ క్షణాన దాన్ని కోసి అవతల పారేయాలనిపించింది.

బావని లోపలికి పిలిచారు. అడగక్కర్లేకపోయింది, తెర చూడగానే ఆయనే చెప్పేశాడు.

"మీ ఇద్దరి ఒంటి రంగూ ఒకటే కదా. వేరేవాళ్లది పెడితే అతికించినట్టు తెలిసిపోతుంది. మరదలి ఫొటో ఒకటి సిస్టంలో ఉంటే... మొదట ఒక్కసారే పెట్టాను. తిన్నగా పడిందని నువ్వు ఎంత సంబరపడ్డావో! ఆ తరవాత మానేస్తే నీకు తెలిసిపోతుందని..."

"పద్దెనిమిదేళ్లు నా ముఖానికి దీని ముక్కు తగిలించి చూసుకున్నావా నువ్వు?"

అక్క ఆయన్ని 'నువ్వు' అనడం నేను వినడం అదే మొదలు. బావ కూడా అదిరిపడ్డాడు.

"నేను చూసుకోడానికి కాదే. ఫొటో అంటే నలుగురూ చూసేది కదా."

"ఆ నలుగురిలో నేను లేనా?"

డాక్టరమ్మ గొంతు సవరించుకుని ఆపరేషన్ తేదీ అడిగింది. అక్క ఫొటోలు కవర్లో వేసుకుని లేచి, "నాకు లోపలా వద్దు, బయటా వద్దు" అని వెళ్లిపోయింది.

ఫ్యాక్టరీ సంగతి మర్నాడే తేలిపోయింది. గేటు దగ్గరే కొత్త ఫొటో తీయించుకుంది, నిమిషం పట్టలేదు. ఇంట్లో సంగతే తెగలేదు. బావతో అవసరానికి రెండు ముక్కలు మాట్లాడేది, నాతో అదీ లేదు. నేనేం చేశాను చెప్పండి? నా ముక్కు నా ముఖం మీద పెట్టుకుని నా పని నేను చేసుకుంటున్నాను! ఫోను చేస్తే తీయదు. వెళ్తే వంటింట్లో పనుందంటుంది. "గాలాడే ఆపరేషన్ అయినా చేయించుకోవే తల్లీ" అని తలుపు బయట నుంచి అరిచాను. "నీకు ఆడుతోందిగా, చాలు" అంది లోపల్నుంచి. కోపంతో ఇంటికొచ్చి, కూర్చుని ఏడ్చాను. చిన్నప్పుడు మంచినీళ్ల వంకతో లోపలికెళ్లి అక్క ఏం చేసేదో ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లి చూడలేదు నేను. అది తలుచుకుంటే ఇంకా ఏడుపొచ్చింది.

పదకొండో రోజు మధ్యాహ్నం అక్క మా షాపు ముందు నుంచి స్టూడియోలోకి నడిచిపోవడం చూసి, కౌంటర్ ఓనరుకి అప్పగించి వెనకే పరిగెత్తాను. ఏం పగలగొడుతుందో అని నా భయం.

అక్క స్టూలు మీద కూర్చుని ఉంది. "తీయండి" అంటోంది.

బావ కెమెరా ఎత్తాడు. "కొంచెం ఎడమకి తిరుగు" అన్నాడు.

"తిరగను."

తీశాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అక్క వచ్చి కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడింది. బావ చెయ్యి మౌసు మీదికి వెళ్లింది.

"వద్దు" అంది అక్క.

"ముక్కు ముట్టుకోనే. వెలుతురు కాస్త..."

"ఏమీ వద్దు. ఉన్నది ఉన్నట్టు వేయండి."

నుదుటి చెమట తుడుచుకుని ప్రింటు కొట్టాడు. పెద్ద సైజు. చేతిలోకి తీసుకుని, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు. నేను ముక్కు గురించి ఏదో అంటాడని కాచుక్కూర్చున్నాను. ఆయన వేలు ముక్కు దగ్గర ఆగలేదు. కళ్ల కిందికి వెళ్లింది. అక్కడ రెండు పక్కలా నల్లగా, లోతుగా, బొగ్గు రాసినట్టు వలయాలున్నాయి.

"ఏమే, ఇంత అలసిపోయి ఉన్నావేంటి? ఎన్నాళ్ల నుంచి ఇవి?"

"నన్నడుగుతారేం? ప్రతి ఏడూ తుడిచేసింది మీరేగా" అంది అక్క.

బావ ఫోను తీసి డాక్టరమ్మ నంబరు వెతకబోయాడు. కళ్లజోడు తడిసిపోయి అంకెలు కనపడక, చివరికి ఫోను నా చేతికిచ్చాడు.