ఏ రాతిపువ్వు?

ఎవరు ఏ మొక్క పేరెత్తినా బావగారి నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒక్కటే: "ఏది?" కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఆయన్ని పిల్లలు 'ఏది మాస్టారు' అనే పిలిచేవారు. ఒకే పేరుతో రెండు మొక్కలు తిరగడమంటే ఆయనకి, ఒకే పేరుగల ఇద్దరు అల్లుళ్లు ఇంట్లో దిగినంత చిరాకు.

పక్కింటాయన ఓసారి గోడ మీంచి, "జ్ఞాపకశక్తికి బ్రాహ్మి వాడుతున్నానండీ" అన్నాడు.

"ఏ బ్రాహ్మి? గుండ్రటాకుదా, చిన్న మందపాటి ఆకుదా? రెంటినీ అలాగే అంటారు!"

బావగారు రెండిటి వంశవృక్షాలూ విప్పి ముగించేసరికి, పక్కింటాయన తానెందుకు పలకరించాడో మరిచిపోయి వెళ్లిపోయాడు. ఇక ఆయన భార్యయితే పెరట్లో మొక్కల పేర్లెత్తడమే మానేసింది. వేలితో చూపించేది.

ఆ కాలేజీలోనే ఆయన బావమరిది, అంటే ఆవిడ తమ్ముడు, ఇంకా పర్మనెంటు కాని గుమాస్తా. తన బుర్ర సంగతి అతనికి బాగా తెలుసు. కాకరతీగకీ కరెంటుతీగకీ తేడా ముట్టుకుంటేగాని తనకి తెలియదని తనే చెప్పుకునేవాడు. అలాంటివాణ్ణి పట్టుకుని ప్రిన్సిపాలు, మొక్కల ప్రదర్శనకి రాతిపువ్వు తెమ్మన్నాడు. బావగారిని అడిగితే "ఏది?" అంటారని భయం. అందుకని సొంతంగా ఆలోచించాడు. అదే కొంప ముంచింది. రాయి ఉంది, పువ్వుంది, ఇంకేం కావాలని, కాలేజీ వెనక బండ పగుల్లోంచి ఓ ఊదాపూల మొక్కని పెకలించి కుండీలో నాటి, 'రాతిపువ్వు' అని చీటీ నిలబెట్టాడు.

ముఖ్య అతిథిగా వచ్చిన పెద్ద శాస్త్రవేత్త దాని ముందు ఆగి పకపకా నవ్వాడు. "రాతిపువ్వంటే పువ్వూ కాదు, మొక్కా కాదు! నాచూ శిలీంధ్రమూ కలిసి రాతి మీద కాపురం పెట్టే లైకెన్. ఎవరండీ ఈ మహానుభావుడు?"

ప్రిన్సిపాలు మొహం కందగడ్డయింది. బావమరిది కుండీ వెనక దాక్కోబోయాడు గాని, మొక్క జానెడే. ఉద్యోగం ఊడిందనుకున్నాడు. న్యాయంగా ఊడాల్సిందేనని కూడా అనుకున్నాడు.

అంతలో జనం వెనక నుంచి బావగారి గొంతు ఖంగుమంది.

"ఏ రాతిపువ్వు? మీరన్నదీ రాతిపువ్వే. మా అత్తవారి వైపు దీన్నీ రాతిపువ్వనే అంటారు. తప్పు పేరుదండీ, చీటీ పెట్టినవాడిది కాదు!"

అలా మొదలుపెట్టి, జనం కుర్చీలు వెతుక్కునేదాకా వదల్లేదు. చివరికి శాస్త్రవేత్తే దణ్ణం పెట్టి, "రెండూ పెట్టించండి బాబూ, పక్కపక్కనే!" అన్నాడు.

"అదే మా ఉద్దేశమండీ" అన్నాడు ప్రిన్సిపాలు.

ఇంటికి నడుస్తూ బావమరిది నసిగాడు. "బావా, మీ అత్తవారంటే మేమే కదా? మా ఇంట్లో దాన్నెవరూ అలా పిలవగా నేనెప్పుడూ వినలేదే!"

బావగారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"ఇద్దరు పిలిస్తే పేరైపోతుందిరా. పొద్దున నువ్వు పిలిచావు, మధ్యాహ్నం నేను పిలిచాను."